థ్రిల్లూ కావాలి... పాఠమూ కావాలి!

రోలర్ కోస్టర్ దగ్గర గంట క్యూ. అదే ప్రాంగణంలో ఉన్న సైన్స్ గ్యాలరీలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఈ రెంటినీ కలపడం కూడా ఒక ఉద్యోగమే. దానికి ఏం తెలిసుండాలి? ఏ బ్రాంచి వాళ్లకు చోటుంది?

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా బాబాయి కొడుకు నన్ను బండి మీద ఉప్పాడ తీసుకెళ్లాడు. వాడు మెకానికల్ ఫైనలియర్. కాలేజీకి ఇప్పటిదాకా వచ్చిన కంపెనీలన్నీ కోడింగ్ టెస్టు పెట్టేవే. వాడికేమో స్పానర్ పట్టుకుంటే ఉండే ధైర్యం కీబోర్డు ముందు ఉండదు. కాకినాడ నుంచి బీచ్ రోడ్డు పొడుగునా అదే దిగులు.

ఉప్పాడలో రోడ్డు పక్కన ఆగాం. అలలు రాళ్ల కట్టను కొట్టి రోడ్డు మీదకు ఎగిరిపడుతున్నాయి. అల వచ్చినప్పుడల్లా మొబైల్స్ పట్టుకున్న కుర్రాళ్ల కేకలు. మావాడికి ఒక్కసారిగా హుషారొచ్చింది. "అన్నయ్యా, ఇక్కడో థీమ్ పార్కు పెడితే ఎలా ఉంటుందంటావ్? తుఫాను రైడ్! కుర్చీలు ఊగిపోతాయి, మొహం మీద నీళ్లు కొడతాయి, కళ్లముందే ఇల్లు సముద్రంలోకి కూలిపోతుంది. జనం విరగబడి వస్తారు."

పక్కనే చేపల బుట్ట దించుకుని కూర్చున్న పెద్దావిడ విని నవ్వింది. "మేం టికెట్టు కొనకుండానే సూసేశాం బాబూ" అంది. చెయ్యి చాపి నీళ్లకేసి చూపించింది. "అదిగో, ఆ పడవ ఊగతందే... ఆడుండేది మా ఇల్లు."

మావాడు నోరెత్తలేదు. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. ఆ రాత్రి మాత్రం చాలాసేపు దీని గురించే మాట్లాడుకున్నాం. ఆ మాటల్లో ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు పనికొచ్చేది కొంత ఉందనిపించి ఇది రాస్తున్నాను.

నా కియోస్క్‌ను ఎవరూ ముట్టుకోలేదు

ముందు నా కథ ఒకటి. ఇంజినీరింగ్ అయ్యాక నా మొదటి ఉద్యోగం ఒక చిన్న సంస్థలో. మ్యూజియాలకు, సైన్స్ సెంటర్లకు ఎగ్జిబిట్లు చేసిచ్చేవాళ్లం. సముద్రపు అలల శక్తి మీద టచ్‌స్క్రీన్ కియోస్క్ నాకు అప్పగించారు. మూడు భాషలు, పద్నాలుగు పేజీల సమాచారం, యానిమేషన్లు. నాలుగు నెలలు రాత్రింబవళ్లు కూర్చుని చేశాను.

ప్రారంభించిన రోజు ఓ మూల నిలబడి చూశాను. బడి పిల్లలు వచ్చారు. ఒకడు స్క్రీన్ మీద మూడుసార్లు నొక్కాడు, మొదటి పేజీకి వెళ్లాడు, వెళ్లిపోయాడు. మిగతా వాళ్లు అటే రాలేదు. పక్క గదిలో ఒక పాత సైకిల్ ఉంది. తొక్కితే డైనమో తిరిగి బల్బు వెలుగుతుంది, గట్టిగా తొక్కితే ఇంకో బల్బు. దాని దగ్గర తోపులాట. రెండో బల్బు వెలిగించడానికి ఆయాసపడుతున్న పిల్లకు కరెంటు ఊరికే రాదని ఎవరూ చెప్పక్కర్లేదు. పిక్కలే చెబుతున్నాయి.

తప్పు పిల్లలది కాదు, నాది. ఫోనులో దొరికేదాన్నే ఇంకా పెద్ద స్క్రీన్ మీద పెట్టాను. ఇంటి నుంచి ఇంత దూరం వచ్చిన మనిషికి ఇంట్లో దొరకనిదేదో ఇవ్వాలి కదా. అప్పట్నుంచి నేను నమ్మే సూత్రం ఒకటే: ముందు ఒంటికి తెలియాలి, ఆ తర్వాత బుర్రకు చెప్పాలి. సరదా సగం, చదువు సగం అని కొలిచి పోస్తే తూకం కుదరదు. ఏది ముందు, ఏది వెనక అన్నదాన్ని బట్టి కుదురుతుంది.

ఎప్‌కాట్ నలభై ఏళ్ల తంటాలు

ఈ తూకం కోసం ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ తిప్పలు పడిన పార్కు బహుశా అమెరికాలోని ఎప్‌కాట్. ఫ్లోరిడాలో డిస్నీ సంస్థ 1982 అక్టోబరు 1న తెరిచింది. ఇంధనం, రవాణా, వ్యవసాయం, సముద్రం... ఇలా ఒక్కో అంశానికి ఒక్కో పెద్ద భవనం. మెల్లగా కదిలే బండ్లలో కూర్చుంటే బొమ్మలు, సినిమాలు పాఠం చెప్పేవి. రాను రాను జనానికి వేగం కావాల్సొచ్చింది. పార్కు ఒక్కో భవనాన్నీ మార్చుకుంటూ పోయింది. ఆ మార్పుల్లో మనం నేర్చుకోవాల్సినవి నాలుగున్నాయి.

మొదటిది టెస్ట్ ట్రాక్. రవాణా చరిత్ర చెప్పే పాత రైడ్‌ను 1996లో మూసేసి, 1999లో దీన్ని తెరిచారు. కార్ల కంపెనీలు బండిని ఎలా పరీక్షిస్తాయో మీరే ఆ బండిలో కూర్చుని చూసే వీలుండేది. 2012లో మార్చిన రూపం ఇంకా తెలివిగా ఉండేది. క్యూలో ఉండగానే స్క్రీన్ మీద మీ కారును మీరే డిజైన్ చేసుకునేవారు. ఇంజిన్ పెంచితే మైలేజీ తగ్గేది. ఆ తర్వాత రైడ్‌లో మీ డిజైన్‌కు మార్కులు పడేవి. విసుగు పుట్టించే క్యూ క్లాస్‌రూమ్ అయిపోయింది.

రెండోది మిషన్ స్పేస్, 2003లో వచ్చింది. వ్యోమగాముల శిక్షణలో వాడే సెంట్రిఫ్యూజ్ లాంటి యంత్రంలో కూర్చోబెట్టి గిర్రున తిప్పుతారు. అనుభవం నిజమైనదే, కానీ చాలామందికి కడుపులో తిప్పేది. 2006లో తిరగకుండా నడిచే నెమ్మది రకాన్ని కూడా పెట్టారు. థ్రిల్ అందరికీ ఒకే మోతాదులో సరిపోదు.

మూడోది కాస్త బాధపెట్టేది. ఇంధనం గురించి చెప్పే భవనం 2017లో మూతపడింది. 2022లో అదే చోట సూపర్ హీరో సినిమా ఆధారంగా రోలర్ కోస్టర్ వచ్చింది. అద్భుతమైన రైడ్ అంటారు. కానీ ఇంధనం పాఠం అక్కడ లేదు. థ్రిల్ గెలిచి పాఠం ఓడిపోయిందంటే తూకం తప్పినట్టే.

నాలుగోది నాకు అన్నింటికన్నా ఇష్టమైనది. వ్యవసాయ భవనంలోని పడవ ప్రయాణం. పేరు, కథనం మారాయిగానీ 1982 నుంచి పడవ నడుస్తూనే ఉంది. వేగం లేదు, మలుపుల్లేవు. పడవ నిజమైన గ్రీన్‌హౌసుల్లోంచి వెళ్తుంది. మట్టి లేకుండా పెరిగే కూరగాయలు, చేపల పెంపకం తొట్లు కనిపిస్తాయి. అక్కడ పండినవి ఆ పార్కు హోటళ్లలోనే వండుతారు. భీమవరం వైపు చెరువు గట్టు మీద పెరిగిన మీకు అందులో వింతేమీ కనపడకపోవచ్చు. పట్నం పిల్లలకు మాత్రం అదే పెద్ద వింత. వస్తువు నిజమైనదైతే వేగంతో పనిలేదు.

అంత దూరం ఎందుకు, వైజాగ్ వెళ్లండి

నిజమైన వస్తువుకు ఉండే బలం మన దగ్గర చూడాలంటే విశాఖ ఆర్‌కే బీచ్‌లో ఐఎన్‌ఎస్ కురుసుర ఉంది. 1969లో నౌకాదళంలో చేరిన జలాంతర్గామి. 1971 యుద్ధ కాలంలోనూ పనిచేసింది. 2001లో విరమించాక ఒడ్డుకు చేర్చి, 2002లో మ్యూజియంగా తెరిచారు. 91 మీటర్ల పొడవు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి తలుపులోంచి తల వంచి, కాలెత్తి దూరాలి. రెండు తలుపులు దాటేసరికి "నెలల తరబడి ఇందులో ఎలా ఉన్నార్రా బాబూ" అని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడ వివరాలు చెప్పేది నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. ఏ యానిమేషనూ ఆ మాటకు సాటిరాదు. ఎదురుగానే 2017 డిసెంబరులో ప్రారంభించిన టీయూ-142 విమానం మ్యూజియం కూడా ఉంది.

కాకినాడ పక్కన కోరంగిదీ ఇదే దారి. మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తుంటే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లు కనిపిస్తాయి. ఆ వేర్లు ఎందుకలా పైకొచ్చాయని పిల్లలు వాళ్లంతట వాళ్లే అడుగుతారు. ప్రశ్న పిల్లల నోట వచ్చిందంటే ఎగ్జిబిట్ సగం పని అయిపోయినట్టే.

రైడ్‌లోనే పాఠం దాగుంది

ఇప్పుడు అటువైపు నుంచి చూద్దాం. హైదరాబాద్ శివార్లలో వండర్‌లా 2016లో మొదలైంది. అలాంటి పార్కుల్లో లూప్ కొట్టే కోస్టర్‌ను గమనించారా? లూప్ గుండ్రంగా ఉండదు, పైన సన్నగా, కోడిగుడ్డు నిలబెట్టినట్టు ఉంటుంది. ఎందుకు?

లూప్ పూర్తి గుండ్రంగా ఉందనుకోండి. పైన తలకిందులుగా ఉన్నప్పుడు ట్రైన్ పట్టాలను వదలకుండా ఉండేంత వేగం మాత్రమే ఇచ్చినా, కిందికి వచ్చేసరికి మీ బరువు ఆరు రెట్లు అయినట్టు అనిపిస్తుంది. రాపిడిని పక్కనపెట్టి శక్తి నిత్యత్వ సూత్రంతో లెక్కేస్తే ఇంటర్ ఫిజిక్స్‌తోనే ఈ ఆరు వస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో కట్టిన గుండ్రటి లూపులు మెడలు పట్టేసేలా చేసి మూతపడ్డాయి. 1976లో వచ్చిన కోస్టర్‌తో ఈ కోడిగుడ్డు ఆకారం నిలదొక్కుకుంది. వక్రత కింద తక్కువగా, పైన ఎక్కువగా ఉండటంతో ఒంటి మీద భారం అదుపులో ఉంటుంది.

ఈ సంగతి క్యూ పక్కన చిన్న నమూనాతో చూపిస్తే చాలు. ఒక గోళీ, రెండు రకాల లూపులు. ఎంత ఎత్తు నుంచి వదిలితే గోళీ పడకుండా తిరుగుతుందో పిల్లలే కనిపెడతారు. తర్వాత రైడ్ ఎక్కుతారు. దిగాక ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే అందులో తమకు జరిగిందే ఉంటుంది. పార్కుకు దీనివల్ల పెద్ద ఖర్చేమీ కాదు. కానీ రైడ్ తెలిసినవాడికి బోధన తెలియదు, బోధన తెలిసినవాడికి రైడ్ తెలియదు. ఆ ఖాళీలోనే మీకు చోటుంది.

ఉప్పాడలో అయితే ఏం పెట్టొచ్చు?

మళ్లీ మావాడి తుఫాను రైడ్‌కు వద్దాం. పెద్దావిడ మాటతో మాకు అర్థమైంది ఏంటంటే, ఇక్కడ తూకంలో వేయాల్సినవి రెండు కాదు, మూడు. థ్రిల్, పాఠం, ఆ ఊరి మనుషుల మర్యాద. ఒకరి ఇల్లు పోవడం ఇంకొకరికి పది నిమిషాల కాలక్షేపం కాకూడదు.

మరి ఉప్పాడ కోత గురించి చెప్పకూడదా? చెప్పాలి. తీరం వెంట అలలు ఇసుకను మోసుకుపోతుంటాయి. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఈ ఇసుక ఎక్కువగా ఉత్తరం వైపు నడుస్తుంది. ఉప్పాడకు దక్షిణాన గోదావరి ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ ఉంది, కాకినాడ రేవు కట్టడాలున్నాయి. వాటి మరుగు దాటాక ఉప్పాడ దగ్గర అలల తాకిడి ఎక్కువ, వచ్చి చేరే ఇసుక తక్కువ. జమ తక్కువ, ఖర్చు ఎక్కువైన ఖాతా ఏమవుతుందో తీరమూ అదే అయింది. గోడ కడితే సరిపోతుందా అంటే, గోడను కొట్టి వెనక్కి మళ్లిన అల దాని పాదం దగ్గర ఇసుకను తవ్వుకుపోతుంది. ఇసుక నింపిన జియోట్యూబులు, రాళ్లు... ఇక్కడ వేసినవన్నీ సముద్రం పరీక్షించి చూసింది.

మేమిద్దరం కాగితం మీద గీసింది ఇదీ: పొడవాటి గాజు తొట్టి, సగం ఇసుక, సగం నీళ్లు, ఓ చివర అలలు పుట్టించే పలక. పిల్లలు చెక్క దిమ్మెలతో తమ ఊరు కట్టుకుంటారు. గోడ కడతారో, రాళ్లు పోస్తారో, మొక్కల్లాంటివి నాటుతారో వాళ్లిష్టం. బటన్ నొక్కగానే అలలు మొదలవుతాయి. ఎవరి ఊరు ఎంతసేపు నిలబడింది? ఇంజినీర్లు పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో పెద్ద నమూనాలతో చేసేదీ ఇలాంటి పనే. ఇందులో ఉత్కంఠ ఉంది, పోటీ ఉంది, కేకలూ ఉంటాయి. కానీ ఎవరి కన్నీళ్లూ ఇందులో ఆట కావు.

దాని పక్కన నేల మీద పాత ఊరి పటం. ఏ వీధి ఎక్కడుండేదో ఊరి పెద్దల చేతే గీయించాలి, వాళ్ల గొంతుతోనే వినిపించాలి. 2020 నవంబరులో నివర్ తుఫాను తర్వాత ఉప్పాడ ఒడ్డున బంగారం రేణువులు దొరుకుతున్నాయని జనం ఇసుకను గాలించడం మీరు టీవీల్లో చూసే ఉంటారు. ఇసుకలో బంగారం ఎక్కణ్నుంచి వచ్చిందన్న ప్రశ్నతో మొదలుపెడితే చాలు, కోత కథంతా పిల్లలు చెవులు రిక్కించి వింటారు.

ఇంకో గదిలో జాందానీ మగ్గం. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన చీర ఇది. జకార్డ్ యంత్రం లేకుండా, బుటాకు కావాల్సిన పోగును చేత్తోనే పడుగులోకి ఎక్కిస్తారు. ఏ గడిలో పోగు ఉండాలి, ఏ గడిలో ఉండకూడదు... సీఎస్ఈ పిల్లలూ, ఇది మీ ఒకటి, సున్నాల లెక్కే కదా!

ఏ బ్రాంచి వాళ్లకు ఏ పని?

మెకానికల్: పొద్దున పార్కు తెరవకముందే ప్రతి రైడ్‌నూ తనిఖీ చేయాలి. బోల్టులు, వెల్డింగులు, సీటు లాకులు చూడాలి. లోహాన్ని కోయకుండానే లోపలి పగుళ్లు పట్టే ఎన్‌డీటీ సర్టిఫికెట్ ఉంటే ఇక్కడే కాదు, రిఫైనరీల్లోనూ విలువ. వినోద రైడ్ల భద్రతకు ఐఎస్ 15475 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఇంటర్వ్యూకు ముందు దాన్ని ఒకసారి తిరగేయండి.

ఈఈఈ, ఈసీఈ: కోస్టర్ దారిని భాగాలుగా విభజించి, ఒక భాగంలో ఒకే ట్రైన్ ఉండేలా చూసేది సెన్సర్లు, పీఎల్‌సీలే. కరెంటు పోతే బ్రేకు వదిలేయకూడదు, పట్టుకోవాలి. ఈ 'ఫెయిల్ సేఫ్' ఆలోచనను సొంత ఉదాహరణతో చెప్పగలిగితే ప్యానెల్ మీ వైపు చూస్తుంది.

సీఎస్ఈ, ఐటీ: టికెట్లు, క్యూ నిర్వహణ, ఇంటరాక్టివ్ ఎగ్జిబిట్లు. యూనిటీ, ఆర్డుయినో, ప్రొజెక్షన్ మ్యాపింగ్ నేర్చుకోండి. నాలా పద్నాలుగు పేజీలు మాత్రం రాయకండి.

సివిల్: రైడ్ పునాదులు, తీర ప్రాంత నిర్మాణాలు. తీరం మీద ఆసక్తి ఉంటే చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, మత్స్యకారులకు చేపలు దొరికే చోట్ల సమాచారం ఇచ్చే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ప్రకటనల మీద కన్నేసి ఉంచండి.

బీఎస్సీ, డిప్లొమా, ఐటీఐ, ఫైన్ ఆర్ట్స్: జాతీయ సైన్స్ మ్యూజియాల మండలి 1978 నుంచి కోల్‌కతా కేంద్రంగా పనిచేస్తోంది. తిరుపతిలోని ప్రాంతీయ సైన్స్ కేంద్రం దీనిదే. విద్యా సహాయకులు, టెక్నికల్ అసిస్టెంట్లు, టెక్నీషియన్లు, ఎగ్జిబిషన్ అసిస్టెంట్లు వంటి పోస్టులకు ఖాళీలను బట్టి ప్రకటనలు ఇస్తుంటుంది.

ఒక మాట నిజాయతీగా చెప్పాలి. ఈ రంగంలో వేలకొద్దీ ఖాళీలేమీ లేవు. ఊరంతా పండగ చేసుకునే రోజే మీకు గట్టి డ్యూటీ. ఎండలో, వానలో నిలబడాలి. సంక్రాంతికి ఇంటికి రాలేదని అమ్మ అలుగుతుంది. వీటికి సిద్ధపడితేనే దిగండి.

నెల రోజుల్లో చేయగల ప్రాజెక్టు

రెజ్యూమెలో 'పాషనేట్' అనే ముక్క రాసే బదులు ఇది చేయండి. దగ్గర్లో ఏ మ్యూజియం, పార్కు ఉన్నా ఒక ఆదివారం వెళ్లండి. ఒక ఎగ్జిబిట్ దగ్గర గంటసేపు పక్కన నిలబడండి. ఎంతమంది దాటిపోయారు, ఎంతమంది ఆగారు, ఎన్ని సెకన్లు, ఏ ప్రశ్న అడిగారు? నోటు పుస్తకంలో రాసుకోండి. మ్యూజియంవాళ్లు దీన్ని 'టైమింగ్ అండ్ ట్రాకింగ్' అంటారు. పద్నాలుగో పేజీ రాయడానికి ముందు నేను చేయాల్సిన పని అదే.

తర్వాత దాని లోపం ఒక్కటి ఎంచుకుని, అట్టముక్కలు, పాత మోటార్లతో సరిచేసిన నమూనా తయారు చేయండి. మీ ఊరి బడికి తీసుకెళ్లి మళ్లీ లెక్కపెట్టండి. ముందెంత, తర్వాతెంత? ఆ రెండు అంకెలు, ఒక నిమిషం వీడియో... అదే మీ పోర్ట్‌ఫోలియో. తీర్థంలో జెయింట్ వీల్ తిప్పే మేస్త్రీతోనూ ఓ పూట మాట్లాడండి. బేరింగ్ చప్పుడు మారితే ఏం జరగబోతోందో ఆయనకు తెలిసినంత మన పుస్తకాలకు తెలియదు.

మావాడు ప్రస్తుతం అదే పనిలో ఉన్నాడు. పాత అక్వేరియం తొట్టి ఒకటి సంపాదించాడు, వైపర్ మోటారుతో అలల పలక బిగించాడు. మొదటిసారి నీళ్లన్నీ బాబాయి మంచం కిందకు పోయాయట. రెండోసారి అల సరిగ్గా వచ్చింది. ఇంకా ఉద్యోగం రాలేదు. కానీ మొన్న ఫోన్ చేసినప్పుడు దిగులు మాట ఒక్కటీ లేదు.

"తొట్టి తీసుకుని ఉప్పాడ వెళ్తున్నా అన్నయ్యా" అన్నాడు. "ఆవిడకి చూపించాలి. మన గోడ తప్పో ఒప్పో ఆవిడే చెబుతుంది."